రెండో కడుగు నీళ్ళు

తాతమ్మకు పుట్టినప్పుడే తాతమ్మ అని పేరు పెట్టారు. అందుకని ఆవిడకు పడుచుతనమే లేదని, నెరిసిన జుట్టుతో, నెత్తిన గంపతో తల్లి కడుపులోంచి ఊడిపడిందని పల్లెలో వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ మాట పడి ఊరుకునే రకం కాదు. "అవునొరే, ఆ గంపలోనే మీ అమ్మని కూడా మోసుకొచ్చినాను, పోయి అడుగు" అని తిప్పికొట్టేది. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో, పడవల ఆసాములు కూడా ఆవిడ నోటికి జడిసి పక్కకు తప్పుకునేవారు.

నోటికి ఎంత పేరుందో నిజాయితీకీ అంతే పేరుంది. ముప్ఫై ఏళ్ళు పచ్చి చేపలు గంపకెత్తి, బస్సెక్కి, విజయనగరం వీధుల్లో తిరిగి అమ్మింది. చెడిన చేపను మంచిదని ఎవరికీ అంటగట్టలేదు. "ఇది నిన్నటిదమ్మా. పులుసుకి పనికొస్తాది, వేపుడుకి వద్దు" అని అడక్కముందే చెప్పేసేది. తోటి ఆడవాళ్ళు తలలు బాదుకునేవాళ్ళు. అబద్ధమాడదామని ఆవిడ ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది కూడా. ముఖం సహకరించలేదు. నోరు ఒకటి చెబుతుంటే ముఖం ఇంకోటి చెప్పేది. ఆ తరవాత ఆ విద్య జోలికి పోలేదు.

ఆవిడ మొగుడు రాముడు పచ్చకామెర్లతో పోయాడు. కొడుకు హరిబాబు చేతికి అందివచ్చాడని ఊపిరి పీల్చుకునేలోగా హుద్ హుద్ తుఫాను వచ్చి ఒడ్డున కట్టేసిన పడవను రెండు ముక్కలు చేసి పోయింది. పడవ లేనివాడికి ఆ ఒడ్డున పనేముంది? గుజరాత్‌లో వేరావల్ అనే రేవుంది. ఆగస్టు వచ్చేసరికి మన వైపు కుర్రాళ్ళు గుంపులుగా రైలెక్కి అక్కడికి పోతారు. సేటుల పడవల్లో చేపలు పట్టే కలాసీలుగా చేరి, ఎండలు ముదిరాక ఇంటికొస్తారు. హరిబాబు కూడా ఆ దారే పట్టాడు. మధ్యలో ఒక వేసవిలో అనూరాధను పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల పది వరకూ చదివింది, మాట తక్కువ. అత్త నోరు, కోడలి మౌనం ఎలాగోలా సర్దుకున్నాయి. ఒకరు వాగితే ఇంకొకరు వినాలి కదా.

రెండువేల పద్దెనిమిదిలో బయల్దేరబోయే ముందు హరిబాబు భార్యను విజయనగరం తీసుకుపోయాడు. రైలు టికెట్టు పనిమీదే వెళ్ళారు గానీ, తిరిగొచ్చేటప్పుడు అనూరాధ ఒళ్ళో ఒక మనీప్లాంటు ఉంది. తోపుడుబండి మీద చూసి ముచ్చటపడిందట. "తినే మొక్కా, పూసే మొక్కా? ఆకుల్ని సూసుకోడానికి ఇంత దూరం మోసుకొచ్చినారా?" అని తాతమ్మ ఇద్దర్నీ కలిపి దులిపేసింది. బయట పెడితే ఉప్పుగాలికి నాలుగు రోజులు నిలవదు. అందుకని దాన్ని ఖాళీ రంగు బకెట్టులో నాటి, ఇంటి లోపల, కిటికీ పక్కన ఒక స్టూలు మీద పెట్టారు. హరిబాబు గోడకు ఎత్తుగా ఒక మేకు కొట్టి, దాని దాకా పురికొస కట్టాడు. "ఈ తీగ ఆ మేకుని ముట్టుకునేలోగా నాను ఇంటికాడుంటాను, సూసుకో" అని భార్యతో నవ్వుతూ అన్నాడు. మొగుడు ఊరెళ్తూ అనే మాటలు అలాగే ఉంటాయి. వాటిని ఎవరూ రాసిపెట్టుకోరు. అనూరాధ రాసిపెట్టుకుంది.

తీగ చక్కగా పాకింది. కార్తీకం వచ్చేసరికి మేకుకు జానెడు దూరంలో ఉంది. అప్పుడే కబురొచ్చింది. సేటు పడవలు వేట చూసుకుంటూ పోయి సరిహద్దు దాటాయట. పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారట. నీళ్ళ మీద గీత ఎవరికి కనిపిస్తుంది, ఎవరు గీశారు అని తాతమ్మ కనబడిన వాళ్ళనల్లా నిలదీసింది. టీవీ వాళ్ళు వచ్చారు. ఫోటో పట్టుకుని కూర్చోమన్నారు, కూర్చున్నారు. ఏడవమన్నారు, అనూరాధకు ఏడుపు రాలేదు. ఆఫీసర్లు పేర్లు రాసుకున్నారు. హరిబాబు కరాచీ జైల్లో ఉన్నాడని తేలింది. అంతకు మించి తెలిసిందేమీ లేదు.

కొడుకు జైల్లో ఉన్నా పొయ్యి వెలగాలి. తాతమ్మకు మోకాళ్ళు పోయాయి. తెల్లారకముందే రేవులో పచ్చి చేపలు పట్టుకుని, గంప మోస్తూ వీధులు తిరిగే ఓపిక లేదు. అందుకని ఉప్పుచేపల్లోకి దిగింది. చేపను చీల్చి, పేగులు తీసి, ఉప్పు దట్టించి తొట్టిలో రెండు రోజులుంచాలి. మూడో రోజు కడిగి ఎండేయాలి. ఎండిన సరుకును విజయనగరం మార్కెట్టులో లక్ష్మణమ్మ అనే పాత స్నేహితురాలు తీసుకునేది. చెడిపోతుందన్న తొందర లేదు. కూర్చుని చేసే పని.

కబురొచ్చిన నాటినుంచీ అనూరాధ ఆ మొక్కను ముట్టుకోవడం మానేసింది. అందాకా నీళ్ళు తనే పోసేది. ఇప్పుడు దాని దగ్గర కూర్చుని చూస్తుంది తప్ప చెయ్యి చాపదు. "నా సెయ్యి మంచిది కాదేమో అత్తా. నీ హస్తవాసి మంచిది. నువ్వు పొయ్యి" అంది. తాతమ్మ చేతి మహిమ పల్లెలో అందరికీ తెలిసిందే. ఆవిడ పెరట్లో మునగచెట్టు కొమ్మలు విరిగేంత కాసేది. రహస్యమేమీ లేదు, చేపలు కడిగిన నీళ్ళు. పచ్చి చేపల రోజుల్లో ఒక్క చుక్క పారబోయకుండా ఆ నీళ్ళన్నీ చెట్లకే పోసేది. కొడుకు మొక్కకు మాత్రం తక్కువ చేస్తుందా? ఉప్పు మొక్కకు పడదని ఆవిడకు తెలుసు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషికి అది ఒకరు చెప్పాలా! అందుకే ఉప్పుచేపలు కడిగిన మొదటి నీళ్ళు సందులోకి కుమ్మరించేది. రెండోసారి కడిగిన నీళ్ళలో వేలు ముంచి, నాలిక మీద వేసుకుని, ఉప్పదనం లేదని రూఢి చేసుకున్నాకే ఒక చెంబుడు తీసుకెళ్ళి బకెట్టులో పోసేది. ఇంత జాగ్రత్త కన్నతల్లి తప్ప ఎవరు తీసుకుంటారు?

సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకు ఆకుల కొసలు మాడాయి. తరవాత అంచులు. తరవాత ఒక పెద్ద ఆకు నిమ్మపండు రంగుకు తిరిగి, తెల్లారేసరికి నేలమీద ఉంది.

అనూరాధ ఆ ఆకును తీసి బొట్టుపెట్టెలో దాచింది. ఆ పూట అన్నం తినలేదు. ఆకలి లేదంది. వారం తరవాత ఇంకో ఆకు రాలింది. ఆ రోజూ ఆకలి లేదంది. మూడోసారికి తాతమ్మకు విషయం తెలిసిపోయింది. గిన్నె ముందు పెట్టి కూర్చుని, "ఏటే నీ యవ్వారం? ఆకుకీ అన్నానికీ ఏటే సంబంధం?" అని గద్దించింది.

"ఆయనకేదో అవుతున్నాది అత్తా" అంది అనూరాధ. "అక్కడ ఆయనకి అన్నం పెడతన్నారో నేదో. ఇక్కడ ఇది ఎండిపోతన్నాది. నానెలగ తినను?"

"మొక్క మొక్కే, మనిషి మనిషే. పిచ్చిమాటలు మాటాడకు."

పైకి అలా కసిరింది గానీ, తాతమ్మ గుండెలో కూడా ఆ మాట ముల్లులా దిగబడింది. కోడలు తలుపు చాటుకు పోగానే వెళ్ళి ఆకులు లెక్కపెట్టింది. ఇరవై మూడు. మర్నాటి నుంచి రోజు విడిచి రోజు పోసే నీళ్ళను రోజూ పోయడం మొదలుపెట్టింది. బలం సరిపోవట్లేదేమో అనుకుంది. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే గోడ సున్నం రాలిందనుకుని చీరచెంగుతో తుడిచేసింది.

ఫాల్గుణంలో ఉత్తరం వచ్చింది. హరిబాబు చేతిరాతే. 'అమ్మా, నేను బాగున్నాను. అనూకు చెప్పు. బెంగ పెట్టుకోవద్దు' అని నాలుగు ముక్కలున్నాయి. తాతమ్మ ఆ కాగితాన్ని పల్లెంతా తిప్పింది. చదువు రాదు గనక కనిపించిన ప్రతి చదువుకున్నవాడి చేతా చదివించుకుంది. ఇంటికొచ్చి కోడలితో, "ఇప్పుడేటంటావు? బాగున్నానని ఆడే రాసినాడు కదే! తిను ఇంక" అంది.

అనూరాధ ఉత్తరం పై మూలన ఉన్న తేదీ చూపించింది. "ఇది మూడు నెల్ల కిందటిది అత్తా. ఆకు ఇయ్యాలటిది."

తాతమ్మ పెరట్లోకి పోయి తొట్టి ముందు కూర్చుని చేపలు కడిగింది. రెండో కడుగు నీళ్ళు ఒకటికి రెండు చెంబులు పట్టుకుని లోపలికొచ్చింది.

ఎండలు ముదిరేసరికి తీగకు ఏడాకులు మిగిలాయి. అనూరాధకు మెడ ఎముకలు పైకి తేలాయి. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే దారం చుట్టుకుంది. ఒకరోజు పొద్దున్న కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి, కళ్ళు తిరిగి ఆ బురదలోనే పడిపోయింది. నలుగురు ఆడవాళ్ళు మోసుకొచ్చి మంచం మీద వేశారు. ఆరోగ్య ఉపకేంద్రం నర్సు ప్రిస్కిల్లాకు కబురు పెట్టారు.

ప్రిస్కిల్లాది నెల్లిమర్ల. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు, తాత బాప్టిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఈ పల్లెకొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఉపకేంద్రం వరండా నిండా డబ్బాల్లోనూ పగిలిన కుండల్లోనూ మొక్కలు పెంచేది. మందులకని వచ్చిన వాళ్ళు పిలకలు పట్టుకుపోయేవాళ్ళు. ఆవిడ వచ్చి అనూరాధ కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది. "ఒంట్లో రక్తం ఎక్కడుంది ఈ అమ్మాయికి? ఏం తింటోంది?" అని అడిగింది.

తాతమ్మ దాచలేదు. ఆకు సంగతి, అన్నం సంగతి మొత్తం చెప్పేసింది. చెబుతూ చెబుతూ కిటికీ వైపు చెయ్యి చూపించింది. అనూరాధ నిద్రలోకి జారుకుంది. ప్రిస్కిల్లా లేచి మొక్క దగ్గరకెళ్ళి వంగి చూసింది.

"దీనికి ఏం పోస్తున్నారు?"

"ఏటి పోస్తాను నర్సమ్మా, సేపలు కడిగిన నీళ్ళు. మా మునగసెట్టుకీ అయ్యే కదా."

"ఏ చేపలు?"

"ఉప్పుసేపలు. అయినా మొదటి కడుగు కాదు, రెండోది. ఉప్పంతా మొదటి దాంట్లోనే పోతాది. నాలిక మీద ఏసుకుని సూసి మరీ పోస్తన్నాను."

ప్రిస్కిల్లా మట్టి మీది తెల్లపొరను గోటితో గీరి, చిటికెడు నాలిక మీద వేసుకుంది. వెంటనే కిటికీలోంచి ఉమ్మేసింది. ఇంకో చిటికెడు తీసి తాతమ్మ చేతిలో పెట్టింది. తాతమ్మ చప్పరించి చూసింది. కొంచెం మట్టివాసన, అంతే.

"నాకేటీ తెలవట్లేదు."

"మీకు తెలీదమ్మా. పుట్టినప్పట్నించీ ఉప్పులోనే ఉన్నారు. మీ నాలుక ఉప్పుకి మొద్దుబారిపోయింది" అంది ప్రిస్కిల్లా. బకెట్టు ఎత్తి అడుగు చూపించింది. ఎక్కడా చిల్లు లేదు. "మునగచెట్టుకైతే పచ్చి చేపల నీళ్ళు పోశారు. పైగా దాన్ని వాన కడిగేస్తుంది. దీనికి వానేదీ? కింద చిల్లేదీ? ఈ నాలుగు నెల్లూ కొంచెం కొంచెంగా పోసిన ఉప్పంతా ఇందులోనే ఉండిపోయింది."

తాతమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. మొక్క వాడిపోతోందని ఇంకా ఇంకా పోసింది. మొక్క మాడింది, ఆ మాడు చూసి పిల్ల మాడింది. తను ప్రేమ అనుకుని చెంబులతో పోసింది విషమని తెలిశాక ఏ తల్లికి ప్రాణం నిలుస్తుంది? ఆవిడకు ఆ క్షణాన నిజంగా చావాలనిపించింది.

"అనూరాధకి చెప్పండి" అంది ప్రిస్కిల్లా, వెళ్తూ వెళ్తూ. "మొక్క ఎండింది ఉప్పు వల్లే, మీ అబ్బాయికి ఏదో అయి కాదు. అది తెలిస్తే తింటుంది. నేనిచ్చే మాత్రలకన్నా ఆ మాటే మందు."

తాతమ్మ రెండు రోజులు చెప్పలేకపోయింది. కోడలు ఏమంటుందో అని కాదు. అనకపోతే ఎలా భరించడమని. మూడోరోజు మధ్యాహ్నం ఇంకో ఆకు రాలింది. అనూరాధ కంచం పక్కకు నెట్టింది. తాతమ్మ ఇక ఆగలేక, ఆ కంచం ముందే కూలబడి మొత్తం కక్కేసింది. మొదటి కడుగు, రెండో కడుగు, నాలిక, చిల్లు లేని బకెట్టు, అన్నీ. "నాను సంపీసినానే దాన్ని. ఆడికేటీ అవనేదు. నన్ను తిట్టు, కొట్టు. అన్నం మట్టుకు తిను" అని కోడలి కాళ్ళు పట్టుకోబోయింది.

అనూరాధ కాళ్ళు వెనక్కి తీసుకుంది. మొక్క వైపు చూసింది. "అయితే ఆయనకేటీ అవనేదా?"

"అవనేదే. ఒట్టు."

అనూరాధ కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తరవాత ఆవురావురుమని, చారు కూడా కలుపుకోకుండా ఉత్త అన్నం తినేసింది. తాతమ్మ మళ్ళీ వడ్డించింది. నిజం చెప్పి గెలిచాననుకుంది. ఆ రాత్రి చాలా రోజులకు ఆవిడకు కంటి నిండా నిద్ర పట్టింది.

మొక్కను బతికించే పని ప్రిస్కిల్లా చెప్పినట్టే చేశారు. బకెట్టు బోర్లించి మట్టంతా దులిపారు. వేళ్ళు చాలావరకు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే ఊడొచ్చాయి. కుళ్ళినవన్నీ కత్తిరించి, మిగిలిన వాటిని మంచినీళ్ళలో నాలుగుసార్లు ముంచి కడిగారు. చచ్చిన తీగను కోసేస్తే మేకు వైపు పురికొస ఒక్కటే మిగిలింది. పచ్చిదనం ఉన్నది మొదట్లో మూరెడు ముక్క, దానికి మూడు కణుపులు. ఇనుప చువ్వ కాల్చి బకెట్టు అడుగున చిల్లులు పొడిచారు. సముద్రపు ఇసక వద్దని, చంపావతి ఏటి ఇసక, ఎర్రమట్టి ప్రిస్కిల్లాయే తెప్పించి ఇచ్చింది. పల్లెలో బోరునీళ్ళు కూడా కాస్త ఉప్పనే. తాగేనీళ్ళు ఊరి చివర కుళాయికి వస్తాయి. తాతమ్మ రోజూ ఆ మోకాళ్ళతో అక్కడిదాకా పోయి ఒక చిన్న బిందె తెచ్చేది. మొక్కకు కావలసింది గ్లాసెడే. అయినా బిందెడు తెచ్చేది. తెచ్చాక వేలు పెట్టి చూడాలనిపించేది గానీ, తన నాలికను తనే నమ్మక కోడలి చేత చూపించేది.

"ఉప్పుందా?"

"నేదత్తా."

ఆ ఒక్క మాట తప్ప ఇద్దరి మధ్యా మొక్క గురించి ఇంకో మాట ఉండేది కాదు. అనూరాధ తింటోంది, మాత్రలు మింగుతోంది. ఒంట్లోకి నెత్తురొచ్చింది. రొయ్యల కంపెనీలో తలలు వలిచే పనికి కుదిరింది. పొద్దున్నే వ్యానెక్కి పోయి మూడింటికి వచ్చేది. చూసినవాళ్ళు, పిల్ల తేరుకుందన్నారు. తాతమ్మ కూడా అలాగే అంది. కాకపోతే కొన్ని సంగతులు ఆవిడ కంటపడుతూనే ఉన్నాయి. ఆదివారం ఆదివారం వేరావల్ సేటుకు ఫోన్ చేసే పిల్ల ఇప్పుడు చేయడంలేదు. ఆటో చప్పుడైతే తలుపు దగ్గరకు పరిగెత్తడం మానేసింది. బొట్టుపెట్టెలో దాచిన ఎండాకులు ఒకరోజు పొయ్యిలో కనిపించాయి. కిటికీ దగ్గర కూర్చోవడమే లేదు.

కిటికీ దగ్గర కూర్చునేది ఇప్పుడు తాతమ్మ. రోజులో ఎన్నిసార్లు లేచి చూసేదో ఆవిడకే తెలీదు. రెండు కణుపులు నల్లబడి పోయాయి. మూడోది అలాగే మొండిగా నిలబడి ఉంది. ఎండాకాలం పోయింది, తొలకరి పడింది, దానిలో చలనం లేదు. అయినా తాతమ్మ బిందె మానలేదు. 'నువ్వు సచ్చిపోకురా, నాకోసం ఒక్కాకు ఎయ్యి' అని దాని ముందు గొణిగేది. చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకుని మరీ గొణిగేది. మొక్కను 'రా' అని పిలుస్తున్నానని ఆవిడకు చాలా రోజుల దాకా స్ఫురించలేదు. స్ఫురించాక కూడా మానలేదు.

శ్రావణమాసంలో, వేరావల్ పోయే కుర్రాళ్ళు మళ్ళీ సంచులు సర్దుకుంటున్న రోజుల్లో, ఆ కణుపు పగిలింది. ముందు సూది మొనంత పచ్చదనం. నాలుగు రోజులకు చుట్టగా చుట్టుకున్న ఆకు. అయిదోరోజు పొద్దున్నకు విచ్చుకుంది. లేత పచ్చగా, ఎండకు కాస్త మెరుస్తూ.

తాతమ్మ ఆ రోజు చేపలు ముట్టుకోలేదు, పొయ్యి వెలిగించి అన్నం వార్చిందే గానీ తినలేదు. మూడు ఎప్పుడవుతుందా అని గడపలోనే కూర్చుంది. వ్యాను దిగి వస్తున్న కోడల్ని చూడగానే, మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. "రాయే, బేగి రా. కొత్తాకేసినాది! సూడు!"

అనూరాధ చెప్పులు విప్పి లోపలికొచ్చి చూసింది. వేలితో ఆకును ముట్టుకుంది. "బాగున్నాది అత్తా" అంది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి బయల్దేరింది.

"అంతేనా?"

"ఇంకేటి?"

"వస్తాడే. ఆకొచ్చినాది, ఆడూ వచ్చేస్తాడు. నువ్వే కదే అన్నావు!"

అనూరాధ గుమ్మంలో ఆగింది. కోపంగా కాదు, చాలా అలసటగా చెప్పింది. "ఉప్పునీళ్ళు పోసినావు, సచ్చినాది. మంచినీళ్ళు పోసినావు, బతికినాది. దానికీ ఆయనకీ ఏటత్తా? నువ్వే కదా సెప్పినావు."

నిజమే, తాతమ్మే చెప్పింది. ఆకు రాలితే కొడుక్కేమీ కాలేదని చెప్పినప్పుడు, ఆకు వస్తే కొడుకు రాడని కూడా చెప్పినట్టేనని ఆవిడకు అప్పుడు తోచలేదు. పిల్ల భయాన్ని పీకేశాననుకుంది. ఆ వేరుతోపాటు ఆశ కూడా ఊడొచ్చేసింది. ఏప్రిల్ నుంచీ బిందెలు మోసింది కోడలి కోసమని చెప్పుకుంది గానీ, ఎవరి కోసం మోసిందో ఇప్పుడు తెలిసింది.

"కాదే" అంది. "ఉప్పు కాదే అది. నర్సమ్మ పొరపాటు పడినాది. నాను నాలిక మీద ఏసుకుని సూసినాను కదా, ఉప్పు నేదు. నువ్వు తినట్లేదని, నిన్ను తినిపించడానికని అలగ సెప్పినాను. నిజానికి ఉప్పు కాదు. ఆడికి అక్కడ ఒంట్లో బాగునేదు అప్పుడు. అందుకే ఎండినాది. ఇప్పుడు బాగున్నాడు. అందుకే…"

మాట పూర్తి కాలేదు. కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా జారి జాకెట్టు తడిపేస్తున్నాయి. కబురొచ్చిన రోజున కూడా ఏడవని మనిషి, చిన్నపిల్లలా ఎక్కెక్కి ఏడ్చింది.

అనూరాధ అత్త ముఖం వైపు చూసింది. ఆ ముఖం మీద ఏముందో పల్లెలో ఎవరైనా చదవగలరు. ఆ పిల్ల దగ్గరకొచ్చి, తాతమ్మ భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, పైటచెంగుతో కళ్ళు తుడిచింది.

"అవునత్తా. నాకూ అలగే అనిపించినాది. ఉప్పు అయ్యుండదు."

"వస్తాడు కదే?"

"వస్తారు. ముందు నువ్వు అన్నం తిను. పొద్దున్నించి ఏటీ తిన్నట్టు నేవు."

అనూరాధ కంచంలో అన్నం పెట్టి, చారు పోసి, కలిపి ముద్ద చేసి అత్త నోటి దగ్గర పెట్టింది. తనను ఊరుకోబెట్టడానికే ఆ పిల్ల అలా అంటోందని తాతమ్మకు తెలుసు. కోడలికీ తెలుసు, అత్తకు తెలుసునని. అయినా తాతమ్మ ముద్ద ముద్దకూ ఆగి అడుగుతూనే ఉంది. అడిగినన్నిసార్లూ అనూరాధ వస్తారనే చెప్పింది.